గొరిల్లాల కొండకి ఎనిమిది పర్మిట్లు

కెప్టెన్ తలుపు తోసుకుని లోపలికి రాగానే పర్మిట్లక్క అతన్ని గుర్తుపట్టింది. పద్నాలుగేళ్లు గడిచాయి. మీసం తెల్లబడింది, పొట్ట కాస్త ముందుకొచ్చింది. కానీ గదిలో అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడతారేమోనన్నట్టు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి చూసే ఆ చూపు మాత్రం మారలేదు. విచారణ రోజున కూడా అలాగే ఆగి, అందర్నీ ఓసారి చూసి, ఆ తర్వాతే కూర్చున్నాడు.

అతను ఆమెని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? అప్పుడు ఆమెకి ఇరవై ఒకటి. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి, వెనక బల్ల మీద తండ్రి పక్కన ముడుచుకుని కూర్చుంది. ఇప్పుడు కళ్లజోడు, పొట్టి జుట్టు, ఎదురుగా కంప్యూటరు.

"గొరిల్లాల్ని చూడ్డానికి వెళ్లాలమ్మా" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "కొండ గొరిల్లాలు. ఆఫ్రికా. జూలో కాదు, వాటి ఇంటికెళ్లి చూడాలి."

"ఎంతమంది సార్?"

"ఎనిమిది మందిమి. మా కొండ క్లబ్బు. లీడర్ని నేనే."

అతను సైన్యంలో ఏనాడూ పనిచేయలేదు. క్లబ్బు వాళ్లు అలా పిలిచీ పిలిచీ అదే పేరైపోయింది. ఆమె పేరూ అంతే. ఆ ట్రావెల్ ఆఫీసులో టికెట్లు ఒకరు చూస్తే హోటళ్లు ఒకరు చూస్తారు. అడవికైనా, గుహకైనా, మంచు కొండకైనా వెళ్లాలంటే ఎవరో ఒకరి అనుమతి కావాలి. దాన్ని తెచ్చిపెట్టే పని ఆమెది. అందుకని ఆఫీసులో అందరికీ పర్మిట్లక్క అయింది. ఆమెకన్నా వయసులో పెద్దదైన ఓనరమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

ఆమె కొత్త ఫైలు తెరిచింది. ఒక్క అక్షరం తప్పు పోకుండా అతని వివరాలు ఎక్కించింది. అదెలా సాధ్యమైందో ఆమెకే ఆశ్చర్యం.

చనిపోయినవాడు ఆమె తమ్ముడు. ఇంట్లో చిన్నోడు అనేవాళ్లు. పంతొమ్మిదేళ్లు. కెప్టెన్ క్లబ్బులో చేరి, చలికాలంలో ఒక శిఖరం ఎక్కడానికి వెళ్లాడు. కెప్టెన్ కాకుండా పదిమంది కుర్రకారు వెళ్తే తొమ్మిది మంది తిరిగొచ్చారు. శిఖరానికి గంట దూరంలో, ఒక బండకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, రెండో రోజు చిన్నోడు దొరికాడు. చలికి పోయాడు.

విచారణలో కెప్టెన్ చెప్పింది నాలుగు ముక్కలు. "పొద్దున్నే కాలు బెణికింది. కింద గుడారంలోనే ఉండమన్నాను. మాట వినలేదు. మాకు తెలియకుండా వెనకాలే వచ్చాడు." తొమ్మిది మందీ తలలు దించుకుని అవునన్నారు. ఫైలు మూసేశారు. బెణికిన కాలుతో అంత పైకి ఎలా ఎక్కాడని ఎవరూ అడగలేదు గానీ ఆమె మాత్రం ఆ మాట ఏనాడూ నమ్మలేదు, వాణ్ని దారిలో వదిలేసి వెళ్లారనే అనుకుంది.

అక్కడితో అయిపోతే కడుపుకోత ఒక్కటే మిగిలేది. కానీ వాళ్ల నాన్న నలభై ఏళ్లు లేతు మెషీను మీద పనిచేసిన మనిషి. తిరిగే ఇనుము ముందు చెప్పిన మాట వినకపోతే వేళ్లు మిగలవు. అందుకని ఇద్దరు పిల్లలకీ ఒకటే పాఠం నేర్పాడు. నిలబడమంటే నిలబడాలి, కదలొద్దంటే కదలకూడదు. విచారణ నుంచి ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "నా కొడుకై ఉండి మాట వినలేదు" అన్నాడు. ఆ తర్వాత వాడి ఊసెత్తలేదు. వాడి ఫోటో పెట్టనివ్వలేదు. ఎవరైనా వాడి సంగతి తెస్తే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. భార్య అంతకు ముందే పోయింది. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని పద్నాలుగేళ్లుగా వాతావరణం గురించీ, కూరలో ఉప్పు గురించీ మాట్లాడుకున్నారు.

కొడుకుని పోగొట్టుకున్నవాళ్లు ఏడుస్తారు. ఆమె తండ్రికి ఆ ఏడుపు కూడా దక్కకుండా చేశాడు కెప్టెన్. ఆమె కక్షంతా అక్కడుంది.

అతను మళ్లీ వచ్చినప్పుడు ఆమె కిటికీలోంచి మెట్ల మీదికి చూసింది. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్లు తిరిగే చోట కెప్టెన్ ఆగి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. కుడి మోకాలు రుద్దుకుంటున్నాడు. రెండు నిమిషాలాగి, ఫోను జేబులో పెట్టుకుని, ఛాతీ విరుచుకుని పైకొచ్చాడు.

'ఓహో' అనుకుంది ఆమె.

ఆ రోజు ఆమె కెప్టెన్‌కి చాలా ఓపిగ్గా అన్నీ వివరించింది. గొరిల్లాలు కుటుంబాలుగా తిరుగుతాయి. ఒక్కో కుటుంబాన్ని రోజుకి ఎనిమిది మందికే చూపిస్తారు, అదీ ఒక్క గంటే. తెల్లారకముందే అడవి తెలిసిన మనుషులు వెళ్లి అవి ఎక్కడున్నాయో వెతికి కబురు పెడతారు. కొన్ని కుటుంబాలు కొండ కిందే మేస్తాయి, గంట నడిస్తే చాలు. కొన్ని పైన ఉంటాయి.

"పైన అంటే?"

"బురదలో ఐదారు గంటలు ఎక్కాలి సార్. దారి ఉండదు, కత్తులతో నరుక్కుంటూ పోతారు. దురదగొండి, కొరికే చీమలు. చాలామంది వద్దంటారు." ఒక్క క్షణం ఆగి, మెల్లగా అంది. "మీ వయసు వాళ్లకి కింది కుటుంబమే ఇప్పిస్తుంటాం."

కెప్టెన్ మొహం ఎర్రబడింది. "వయసా? ముప్పై ఏళ్లు కొండలెక్కానమ్మా నేను. పైదే రాయి."

"సంచి మోయడానికీ, చెయ్యి పట్టుకుని ఎక్కించడానికీ పోర్టరు దొరుకుతాడు సార్. పెట్టమంటారా?"

"నాకా? పోర్టరా?"

"అక్కర్లేదని రాస్తున్నా సార్."

"రాయి."

ఆమె రాసింది. వానలు పడే నెల చూసి మరీ తేదీలు ఎంచి, "అప్పుడు అడవి మంచి పచ్చగా ఉంటుంది సార్" అంది. అదేమీ అబద్ధం కాదు. ఆ రోజు నుంచీ ఆమెకి అన్నం సయించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కెప్టెన్ మోకాలు పట్టుకుని బురదలో కూలబడటం, మిగతా ఏడుగురూ అతన్ని చూసి, వాచీ చూసుకుని, ముందుకెళ్లిపోవడం ఊహించుకునేది. ఆ ఊహ ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు.

మూడో వారం అక్కడి ఏజెంటు ఫోన్ చేశాడు. కొండ కింద ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. నవ్వుతూ మాట్లాడతాడు.

"పై కుటుంబం అడిగారు, వానల్లో. ఎనిమిది మందిలో ఒకాయనకి అరవై నాలుగు. పోర్టరు వద్దన్నారు. సరిగ్గానే రాశారా?"

"సరిగ్గానే రాశాను. ఆయనకి దారిలో నడవలేని పరిస్థితి వస్తే ఏం చేస్తారు?"

"కబురు పెడతాం. కింది నుంచి కుర్చీ తెస్తారు. పన్నెండు మంది వస్తారు, పదహారు మంది కావాలంటే పదహారు మంది. నలుగురేసి మార్చుకుంటూ మోసుకొస్తారు."

"మిగతావాళ్లు ముందుకెళ్లిపోతారుగా. అందాకా ఆయన ఒక్కడే కూర్చుంటాడా?"

"ఒక్కడే ఎందుకుంటాడు?" ఏజెంటుకి ప్రశ్నే అర్థం కాలేదు. "పక్కన మనిషి ఉంటాడు. కొండ మీద ఎవర్నీ ఒంటరిగా వదలరమ్మా. మా తాతల నుంచీ అంతే."

ఆమె ఫోను పెట్టేసి, నీళ్ల గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. పగ పట్టి మూడు వారాలు చెక్కిన ఎత్తు ఒక్క మాటతో కూలిపోయినందుకు కాదు. ఎక్కడో సముద్రాల అవతల, ఆమె తమ్ముడి మొహం ఎరగని మనిషికి అంత మామూలుగా తోచిన సంగతి, ఇక్కడ వాడి వెంట నడిచిన వాళ్లలో ఒక్కరికీ తోచనందుకు.

మొహం కడుక్కుని వచ్చి కూర్చునేసరికి ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. మోకాలు విరిగితే అతుక్కుంటుంది. విచారణలో కెప్టెన్ నోటితో చెప్పాడు, చేత్తో రాయలేదు. రాయించాలి. ఆ అబద్ధం అతని దస్తూరీలో తన చేతిలో ఉండాలి. ఎనిమిది మందిలో అతన్ని దేవుడిలా చూసేవాళ్ల ముందు దాన్ని తెరవాలి.

పార్కు వాళ్ల ఆరోగ్య ఫారం రెండు పేజీలుంటుంది. ఆమె మూడో పేజీ టైపు చేసింది. పైన ఆఫీసు పేరు పెట్టింది. కింద ఒకటే ప్రశ్న. 'మీతో కలిసి కొండకి వచ్చినవాళ్లలో ఎవరైనా చనిపోయారా? అయితే, ఏం జరిగిందో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.' అనుమానం రాకుండా ఎనిమిది మందికీ పంపింది.

వారంలో ఫారాలన్నీ వచ్చేశాయి. కెప్టెన్‌ది ముందు తీసింది. మూడో పేజీలో, పెద్ద అక్షరాలతో, 'లేదు' అని ఉంది. కింద సంతకం.

ఆమె ఆ మాటని చాలాసేపు చూసింది. అబద్ధం కోసం ఎదురుచూసింది. మాట వినని కుర్రాడని రాస్తాడనుకుంది. తమ్ముడికి ఆపాటి చోటు కూడా ఇవ్వలేదు. అలాంటివాడొకడు పుట్టనే లేదన్నట్టు రాశాడు.

మిగతావి యాంత్రికంగా తిప్పింది. రిటైరైన బ్యాంకు మేనేజరుకి బీపీ, ఆయన భార్యకి ఎత్తులంటే భయం, కెమిస్ట్రీ లెక్చరరుకి ఆపరేషనైన మోకాలు. ఏడో ఫారం ఒక పళ్ల డాక్టరుది. ముప్పై మూడేళ్ల ఆవిడ. మూడో పేజీ నిండా రాసి ఉంది. చోటు చాలక పేజీ వెనక్కి కూడా వెళ్లింది.

'అవును. పద్నాలుగేళ్ల క్రితం. నాకు పంతొమ్మిది. అతను నా పక్కనే నడిచాడు...'

ఆమె చదువుతూ లేచి నిలబడింది. చదవడం అయ్యాక ఎందుకు నిలబడిందో తెలియక మళ్లీ కూర్చుంది. టికెట్లు చూసే అతను "ఏంటక్కా, కరెంటు షాకా?" అన్నాడు. ఫారం సంచిలో పెట్టుకుని, సెలవు కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

పళ్ల డాక్టరు క్లినిక్కు నాలుగు వీధుల అవతల ఉంది. బయట గదిలో దవడలు పట్టుకుని ఇద్దరు కూర్చున్నారు. మందుల వాసన. ఆమె తలుపు తోసుకుని నేరుగా లోపలికి వెళ్లింది. డాక్టరు చేతులు కడుక్కుంటోంది.

"వరసలో రండమ్మా, పిలుస్తాను."

"నేను మీరు రాసినవాడి అక్కని."

డాక్టరు కుళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. గుండ్రటి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిజమేనా ఇది?" పర్మిట్లక్క కాగితం చూపించింది.

"నిజమే."

"కింద గుడారంలో ఉండమంటే వినలేదన్నారు మీరంతా."

"గుడారంలో ఉండమని ఎవరూ అనలేదండి. మాతోనే వచ్చాడు. శిఖరం ఇంకో గంట ఉందనగా కాలు మడత పడింది. నిలబడలేకపోయాడు. ఆకాశం కమ్ముకొస్తోంది. కిందికి తీసుకెళ్లాలా, శిఖరం ఎక్కి రావాలా అని కెప్టెన్ సార్ అడిగారు. ఎక్కుదామనేవాళ్లు చేతులెత్తమన్నారు." డాక్టరు తన కుడి చెయ్యి చూసుకుంది. "నేనూ ఎత్తాను."

"తర్వాత?"

"ఈ బండ దగ్గర కూర్చో, మేమొచ్చేదాకా కదలొద్దు అన్నారు. సరే సార్ అన్నాడు. నవ్వాడు కూడా. పైకెళ్లాక పొగమంచు ముసిరింది. ఇటు దిగితే ప్రమాదమని రెండో వైపు నుంచి దించేశారు. వాడేడీ సార్ అంటే, నెమ్మదిగా గుడారానికి దిగి ఉంటాడులే అన్నారు. అక్కడ లేడు. పొద్దు కుంకిపోయింది. రేపు చూద్దాం అన్నారు. ఇంటికొచ్చే బస్సులో ఒక్కొక్కరి పక్కనా కూర్చుని ఏం చెప్పాలో నేర్పించారు."

"ఆయనతోనే మళ్లీ ఆఫ్రికా వెళ్తున్నారు మీరు."

డాక్టరు తలెత్తలేదు. "ఆయన్ని వదిలేస్తే ఆ రోజు తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టేగా. అందుకని వదల్లేకపోయాను. నా పెళ్లికి కూడా పిలిచాను. మీ ప్రశ్న చూడగానే చెయ్యి ఆగలేదు, రాసేశాను. కవరు అంటించాక భయమేసింది." అప్పుడు తలెత్తింది. "అది నాకు తిరిగిచ్చేయండి. మీకు దండం పెడతాను. నాకిద్దరు పిల్లలున్నారు."

"మా ఇంట్లోనూ ఇద్దరం ఉండేవాళ్లం" అంది పర్మిట్లక్క. "రాసిన చెయ్యి మీది. కాగితం నాది. శనివారం మీటింగుకి రండి."

శనివారం పొద్దున పదింటికి ఎనిమిది మందీ వచ్చారు. ఆఫీసు వెనక గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. గోడకి కొండ పటం తగిలించి ఉంది. బల్ల మీద దురదగొండి అంటకుండా వేసుకునే తోలు చేతితొడుగులు, చీమలు పాక్కుండా కాళ్లకి చుట్టుకునే మందపాటి పట్టీలు. పళ్ల డాక్టరు అందరికన్నా ఆఖర్న వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

పర్మిట్లక్క మామూలుగానే చెప్పుకొచ్చింది. దగ్గూ జలుబూ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు, మన రోగం వాటికి అంటుకుంటే కుటుంబం కుటుంబమే పోతుంది. మూతికి గుడ్డ కట్టుకోవాలి. దగ్గరికి వెళ్లకూడదు. వేలు చూపించకూడదు.

"వీపు తెల్లగా ఉన్న పెద్ద మగది మీదికొస్తే?" బ్యాంకు మేనేజరు అడిగాడు.

"పరిగెత్తకూడదు సార్. కళ్లలోకి చూడకూడదు. తల దించుకుని మెల్లగా కూర్చోవాలి."

"మా ఆవిడ ముందు ముప్పై ఏళ్ల నుంచీ అదే చేస్తున్నా. నాకు ట్రైనింగ్ అక్కర్లేదు."

అందరూ నవ్వారు. భార్య మోచేత్తో పొడిచింది. కెప్టెన్ అందరికన్నా పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వు ఆగేదాకా ఆగి, పర్మిట్లక్క ఫారాల కట్ట అతని ముందు పెట్టింది. "కొండ మీద ఒకరి సంగతి ఒకరికి తెలిసుండాలి సార్. అందరూ ఒప్పుకుంటే, లీడరుగా మీరే చదివి వినిపించండి." అందరూ సరేనన్నారు.

పదిమంది ముందు చదవడమంటే కెప్టెన్‌కి ఇష్టం. కళ్లజోడు తగిలించుకుని మొదలుపెట్టాడు. బీపీకి ఒక జోకు వేశాడు, మోకాలికి ఇంకోటి. ఏడో ఫారం తీశాడు. మొదటి పేజీ, రెండో పేజీ. మూడోది తిప్పాడు. తనలో తను చదువుకున్నాడు. తర్వాత ఆ కాగితాన్ని మడిచాడు. నాలుగు మడతలు పెట్టాడు.

"ఈ పేజీ పార్కు వాళ్లది కాదు" అన్నాడు.

"కాదు సార్. నాది" అంది పర్మిట్లక్క.

అతను ఆమె మొహంలోకి మొదటిసారి నిజంగా చూశాడు. ఎక్కడో చూసినట్టు, ఎక్కడన్నది గుర్తు రానట్టు.

తలుపు పక్క నుంచి పళ్ల డాక్టరు లేచింది. "అది ఇలా ఇవ్వండి సార్. నా దస్తూరీ మీకు అర్థమవుతున్నట్టు లేదు."

"కూర్చో" అన్నాడు కెప్టెన్. ఆ గొంతుకి ఎన్నో ఏళ్లుగా ఎందరో కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. వచ్చి కాగితం లాక్కుని, మడతలు విప్పి, చదివింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు. తను చెయ్యెత్తిన సంగతి కూడా చదివింది.

లెక్చరరు తన కుర్చీ కెప్టెన్ వైపు తిప్పాడు.

"పొగమంచు" అన్నాడు కెప్టెన్. "మీకెవరికీ తెలీదు ఆ పొగమంచు. తొమ్మిది మందిని దించాను. ఆ కుర్రాడు మొదటి నుంచీ మాట వినేరకం కాదు."

"విన్నాడు సార్" అంది డాక్టరు. "కదలొద్దంటే కదల్లేదు. రెండో రోజుకి కూడా అక్కడే ఉన్నాడు. వినకుండా ఉంటే పాక్కుంటూ దిగి బతికేవాడు."

పర్మిట్లక్క ఆఖరి ఫారం తీసి, మూడో పేజీ అందరికీ కనిపించేలా పట్టుకుంది. "ఇది కెప్టెన్ గారిది. ఎవరైనా చనిపోయారా అంటే, లేదు అని రాశారు. సంతకం కూడా ఉంది. ఆ లేనివాడు మా తమ్ముడు."

బ్యాంకు మేనేజరు భార్య మొదట లేచింది. ఎత్తులంటే భయమని రాసిన మనిషి. బల్ల మీది చేతితొడుగులు కెప్టెన్ ముందుకి నెట్టి, "మీ వెనకాల నేను మా ఇంటి మేడ కూడా ఎక్కను" అని బయటికి నడిచింది. ఒక్కొక్కరే లేచారు. ఎవరూ తిట్టలేదు. లెక్చరరు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఇరవై ఏళ్లు నిన్ను అన్నా అని పిలిచాను" అని వెళ్లిపోయాడు.

కెప్టెన్, ఎనిమిది జతల చేతితొడుగులు, పర్మిట్లక్క మిగిలారు.

"ఏం కావాలమ్మా నీకు?" అన్నాడు.

"అతని పేరు చెప్పండి."

అతను నోరు తెరిచాడు. వెతుక్కున్నాడు. కళ్లు అటూ ఇటూ తిరిగాయి. దొరకలేదు.

ఆమె లైటు ఆర్పేసి బయటికొచ్చింది.

ఓనరమ్మ ఊరుకోలేదు. "కస్టమర్ల మీద కక్ష తీర్చుకోడానికి నా లెటర్‌హెడ్డే దొరికిందా?" అని అరిచింది. నిజమే కాబట్టి పర్మిట్లక్క ఎదురు చెప్పలేదు. ఆమెని పర్మిట్ల నుంచి తీసేసి, కింది అంతస్తులో బస్సు టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ పడింది, చెప్పు తెగింది, అంతే అనుకుందామె.

అసలు భయం ఇంట్లో ఉంది. నాన్నకి తనే చెబితే నమ్మడేమోనని, మరుసటి ఆదివారం పొద్దున డాక్టరుని ఇంటికి తీసుకొచ్చింది. మూడో అంతస్తు, రెండు గదులు. నాన్న కిటికీ దగ్గర కూర్చుని పాత తాళం కప్పని విప్పదీస్తున్నాడు. డాక్టరు కుర్చీ వద్దని, కింద చాప మీద కూర్చుని, మొదటి నుంచీ చెప్పింది.

కొడుకు నిర్దోషి అని తెలిస్తే తండ్రి మొహం వెలుగుతుందని పర్మిట్లక్క పద్నాలుగేళ్లుగా ఆశపడింది. మొహం వెలగలేదు.

"కదలొద్దంటే కదల్లేదా?" అన్నాడు.

"లేదండి."

"పక్కన ఎవరూ లేకపోయినా?"

"లేదండి."

అతను తాళం కప్ప ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు. "అది నేనే నేర్పాను" అన్నాడు. అప్పుడు పద్నాలుగేళ్ల ఏడుపు ఒక్కసారి వచ్చింది. గోడవైపు తిరిగి, రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాడు. డాక్టరు లేవబోతే, వెనక్కి తిరక్కుండానే "కూర్చో" అన్నాడు. "ఇంకోసారి చెప్పు. సరే సార్ అని నవ్వాడన్నావే, అక్కడి నుంచి చెప్పు."

ఆమె చెప్పింది. అంతా అయ్యాక అతను మొహం తుడుచుకుని, "నువ్వూ చెయ్యెత్తావు" అన్నాడు. డాక్టరు అవునంది. "నిన్ను క్షమించను. కానీ వచ్చావు. టీ తాగి వెళ్లు."

సోమవారం తండ్రీ కూతుళ్లు విచారణ జరిగిన ఆఫీసుకి వెళ్లారు. డాక్టరు తన వాంగ్మూలం ఇచ్చింది. తొమ్మిది మందిలో మరో ఇద్దరిని వెతికి పట్టుకుంటే, ఒకడు ముఖం మీదే తలుపేశాడు, ఒకడు వచ్చి సంతకం పెట్టాడు. ఫైలు మళ్లీ తెరిచారు. క్లబ్బు గది గోడ మీంచి కెప్టెన్ ఫోటో తీసేశారని ఎవరో చెప్పారు. అతను సాయంత్రం నడకకి రావడం కూడా మానేశాడట.

గొరిల్లాల ప్రయాణం ఆగలేదు. ఏడుగురూ లెక్చరర్ని లీడరుగా పెట్టుకుని, కింది కుటుంబానికి మార్పించుకుని వెళ్లారు. ఎనిమిదో పర్మిటు కెప్టెన్ పేరు మీద అలాగే ఉంది. ఇంకొకరికి మార్చరు.

ఆ తేదీ పొద్దున పర్మిట్లక్క బస్సు కిటికీ తెరవకముందే ఫోను తీసింది. అతనే ఎత్తాడు.

"ఈ రోజు మీ పర్మిటు తేదీ సార్. గుర్తు చేద్దామని."

"ఇంకా ఏం చేయమంటావమ్మా నన్ను?"

"ఏమీ చేయొద్దు సార్. ఎవరైనా వచ్చేదాకా అక్కడే కూర్చోండి. కదలొద్దు."

ఫోను పెట్టేసింది. పగ తీరాక మిగిలేది బూడిదేనంటారు పెద్దలు. ఆమెకి మాత్రం ఆకలేసింది. ఎదురుగా ఉన్న కొట్లో రెండు అరటిపళ్లు కొనుక్కుని, నిలబడే తినేసి, కిటికీ తెరిచి, క్యూలో మొదటివాణ్ని "ఎక్కడికి బాబూ?" అని అడిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న అన్నం వండి పెట్టాడు. ఇద్దరూ కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక అతను ఉన్నట్టుండి అన్నాడు.

"వాడు నా మాట విననిది ఒక్కసారుంది, తెలుసా?"

ఆమె చెయ్యి కంచంలో ఆగింది.

"పన్నెండేళ్లప్పుడు. లేతు ముట్టుకోవద్దని చెప్పి నేను స్టోర్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. ఇంటికొచ్చాక చూస్తే నిక్కరు జేబు నిండా ఇత్తడి పొట్టు. బొంగరం చేశాడు వెధవ. ఇంత చిన్నది."

"కొట్టారా?"

"చెయ్యెత్తాను. ఈలోపు అది నేల మీద వదిలాడు. ఎంతసేపు తిరిగిందనుకున్నావ్! నా చేతిపని కూడా అంత నికరంగా రాదు." అతను నవ్వుతున్నాడు. కళ్ల నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇంకోసారి తిప్పరా అన్నాను."

"నాకు తెలీదే ఈ సంగతి. ఇంకా ఏం చేశాడు?" అంది ఆమె, అతని కంచంలోకి ఇంకాస్త కూర వడ్డిస్తూ.

అతను చెప్పడం మొదలుపెట్టాడు.